మూడు తరాల షాపు, రెండున్నర స్టార్ల పేరు

ఇంగ్లాండులో ఒక మధ్యతరహా ఊరి హై స్ట్రీట్‌లో, అంటే ఊరి నడిబొడ్డున ఉండే పెద్దబజారులో, నడుస్తున్న ఎలక్ట్రానిక్స్ షాపు కేసు ఇది. రిటైల్ వ్యాపారాల్లో కస్టమర్ ఫిర్యాదుల వ్యవహారం చక్కబెట్టడం నా పని. ఊరు, కుటుంబం, వాళ్లు అమ్మే బ్రాండ్లు, షాపు పెట్టిన ఏడాది ఇక్కడ చెప్పడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను కూడా. 'మా పేరు పోయింది, తిరిగి తెచ్చిపెట్టండి' అంటూ వచ్చే యజమానుల్లో చాలామందికి ఆ పేరు అసలు దేనివల్ల వచ్చిందో తెలియదు. తాతల నుంచి ఉన్నాం కాబట్టి పేరుంది అనుకుంటారు. ఈ కేసులో ఆ అభిప్రాయాన్ని పక్కన పెట్టడానికే ఎక్కువ కాలం పట్టింది.

నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నేళ్లకు యజమాని తాతగారు రేడియోల రిపేరు షాపు పెట్టారు. ఇందులో విశేషమేమీ లేదు, బ్రిటన్‌లో ఈ వ్యాపారంలో పెద్దపేర్లు చాలావరకు ఇలాంటి చిన్న పనులతోనే మొదలయ్యాయి. కర్రీస్ 1884లో లెస్టర్‌లో సైకిళ్ల తయారీతో మొదలైంది. డిక్సన్స్ 1937లో సౌతెండ్‌లో ఫొటో స్టూడియోగా పుట్టింది. కామెట్ కథ ఇంకా బాగుంటుంది. 1933లో హల్ నగరంలో మొదలైనప్పుడు దాని పేరు కామెట్ బ్యాటరీ స్టోర్స్. అప్పటి రేడియోలు చాలావరకు బ్యాటరీల మీద నడిచేవి. వాటిని చార్జ్ చేసి ఇంటింటికీ చేర్చడమే ఆ కంపెనీ పని. అమ్మకం తరవాతి సంగతి, ముందు పుట్టింది సేవ.

తరవాత టీవీలు వచ్చాయి. 1967లో బీబీసీ రెండో ఛానల్‌లో కలర్ ప్రసారాలు మొదలయ్యాక కలర్ టీవీ కావాలని అందరికీ ఆశ, కొనే స్తోమత కొద్దిమందికే. పైగా ఆనాటి సెట్లు తరచూ పాడయ్యేవి. అందుకని బ్రిటన్‌లో చాలా కుటుంబాలు టీవీని అద్దెకు తీసుకునేవి. మన షాపు కూడా ఆ వ్యాపారంలోకి దిగి బాగుపడింది. అద్దె వ్యాపారంలో ఒక విషయం గమనించాలి. టీవీ పాడైతే నష్టం షాపుదే. బాగయ్యేదాకా అద్దె అడగడం కష్టం, విసిగిపోయిన కస్టమర్ పక్క షాపుకి వెళ్లిపోతాడు. కాబట్టి ఎంత తొందరగా బాగుచేస్తే షాపుకి అంత మంచిది. కస్టమర్ లాభమూ షాపు లాభమూ ఒకేవైపు ఉండేవి. తాతగారు మంచివారు కాబట్టి మెకానిక్ వెంటనే వచ్చేవాడని ఊళ్లో పెద్దవాళ్లు చెబుతారు. ఆయన మంచివారే అయ్యుండొచ్చు. కానీ ఆ వ్యాపారం ఎవరు నడిపినా మెకానిక్‌ని వెంటనే పంపక తప్పేది కాదు.

1980ల తరవాత టీవీలు చవకయ్యాయి, మన్నిక పెరిగింది, అద్దె వ్యాపారం కరిగిపోయింది. ఊరి బయట పెద్ద పెద్ద పార్కింగులతో రిటైల్ పార్కులు వచ్చాయి. డిక్సన్స్ 1984లో కర్రీస్‌ని, 1993లో కంప్యూటర్లు అమ్మే పీసీ వరల్డ్‌ని కొనేసింది. ఇంత పెద్దవాళ్లతో ధరలో పోటీపడితే టీవీ మీద, ఫ్రిజ్ మీద మిగిలేది చాలా తక్కువ. ఆ లోటును పూడ్చింది ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే కంపెనీ గ్యారంటీ ముగిశాక కూడా రిపేరుకి భరోసా ఇస్తూ విడిగా డబ్బు తీసుకుని అమ్మేది. వస్తువు మీద నాలుగు డబ్బులు, వారంటీ మీద నలభై. పెద్ద చెయిన్లు చేసింది అదే, మన షాపు చేసిందీ అదే. యజమాని తండ్రిగారి హయాంలో ఒక షాపు మూడు షాపులయింది. ఫ్లాట్ స్క్రీన్లు వచ్చాక ఆయన రిపేరు బల్ల, అంటే షాపులోనే మెకానిక్ కూర్చుని బాగుచేసే ఏర్పాటు, తీసేశారు. ఇప్పుడు ఆయన్ని తప్పుపట్టడం తేలిక. ఆనాటి లెక్కలు చూస్తే ఆ నిర్ణయంలో అర్థముంది. కొత్త టీవీల్లో సోల్డరింగ్ పని దాదాపు లేదు, బోర్డు మొత్తం మార్చాలి, ఆ బోర్డు ధరకి ఇంకొంచెం కలిపితే కొత్త టీవీయే వస్తుంది.

వారంటీల అమ్మకం మీద దేశమంతటా విమర్శలొచ్చాయి. వ్యాపారాల్లో పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ కాంపిటీషన్ కమిషన్ విచారణ జరిపి 2003 చివర్లో నివేదిక ఇచ్చింది. ఆ తరవాత 2005లో ప్రభుత్వ ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం వస్తువు ధర పక్కనే వారంటీ ధర కూడా చూపించాలి. కస్టమర్ అడిగితే రాతపూర్వకంగా కోట్ ఇవ్వాలి, అది 30 రోజులు చెల్లాలి. ఏడాదికి మించిన వారంటీ కొన్నవాళ్లు క్లెయిమ్ చేయకుండా 45 రోజుల్లోపు రద్దు చేసుకుంటే మొత్తం డబ్బు తిరిగివ్వాలి. మన షాపు ఆ నిబంధనలన్నీ పాటించింది. అమ్మే తీరు మాత్రం మారలేదు.

వచ్చిన సమస్య

మూడో తరం యజమాని నాకు ఫోన్ చేసినప్పుడు రెండు కోరికలు కోరారు. ఆన్‌లైన్‌లో రేటింగ్ రెండున్నర స్టార్లకు పడిపోయింది, ఆ చెడ్డ రివ్యూలు తీయించాలి. తమ చరిత్ర జనానికి తెలిసేలా ఏదైనా చేయాలి. ఆయన ఉద్దేశంలో రివ్యూల్లో సగం పోటీదారులు రాయించినవి, మిగతా సగం ఇంటర్నెట్ ధరలకు అలవాటుపడి ప్రతిదానికీ సణిగేవాళ్లు రాసినవి. వాషింగ్ మెషిన్లు, ఫ్రిజ్‌ల అమ్మకాలు మూడు షాపుల్లోనూ పడిపోతున్నాయి. అప్పటికే ఎంతో టెన్షన్‌లో ఉన్నారు. బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ గడువు దగ్గరపడుతోంది.

రివ్యూల పని నేను ముందు ముట్టుకోలేదు. జనం స్టార్లు ఎందుకు తగ్గించారో తెలియకుండా స్టార్ల గురించి ఏం చేసినా తాత్కాలికమే. అందుకని రివ్యూలతో పాటు షాపు ఈమెయిళ్లు, కౌంటర్ దగ్గరి ఫిర్యాదుల పుస్తకం, కార్డు కంపెనీల నుంచి వచ్చిన చార్జ్‌బ్యాక్ కాగితాలు (కస్టమర్ ఫిర్యాదు మీద షాపు నుంచి డబ్బు వెనక్కి తీసుకున్నవి) అన్నీ తెప్పించాను. వాటిని విషయాన్నిబట్టి విడదీయడం మామూలు పద్ధతి: ధర, సిబ్బంది, డెలివరీ, నాణ్యత. నేను వేరేలా విడదీశాను. వస్తువు కొన్న తేదీకీ ఫిర్యాదు తేదీకీ మధ్య ఎంత కాలం గడిచిందో చూశాను. ఎలక్ట్రానిక్స్ షాపుకి ఈ పద్ధతే సరిపడుతుందని నా అనుభవం. కొన్న రోజున కస్టమర్‌కి షాపు నచ్చకపోతే సమస్య అమ్మకంలో ఉంది. ఏడాది తరవాత నచ్చకపోతే సమస్య ఇంకెక్కడో ఉంది.

బొమ్మ తొందరగానే తేలింది. కొన్న వారంలో వచ్చిన ఫిర్యాదులు చాలా తక్కువ. ధర గురించినవి ఇంకా తక్కువ. అమ్మేటప్పుడు సిబ్బంది మర్యాదగా ఉన్నారని, ఓపికగా చెప్పారని ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు కూడా రాశారు. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మొదటి నెల దాటిన తరవాత, రెండో ఏడాది ముగిసేలోపు వచ్చినవి. వాటిలో ఒకే మాట మళ్లీ మళ్లీ కనబడింది: 'కంపెనీకి ఫోన్ చేసుకోండి అన్నారు.' అంటే వస్తువు తయారుచేసిన కంపెనీకి.

ఇంకో గుంపు వారంటీ గురించి. 'కొననంటే మొహం మాడ్చుకున్నారు', 'మా అమ్మ ఒక్కర్తే వెళితే కెటిల్‌కి కూడా వారంటీ అంటగట్టారు' లాంటివి.

మూడో గుంపు చిన్నదే, కానీ నన్ను అక్కడే ఆపింది. 'మీ తాతగారి రోజుల్లో అయితే ఇలా జరిగేది కాదు' అని రాసినవాళ్లు. వీళ్లు పోటీదారులు కారు, పాత కస్టమర్లు, వాళ్ల పిల్లలు. వీళ్ల కోపం మిగతావాళ్ల కోపం కన్నా ఎక్కువ. రిటైల్ పార్కులో పెద్ద చెయిన్ పట్టించుకోకపోతే ఎవరూ ఆశ్చర్యపోరు. 'మూడు తరాలుగా మీ సేవలో' అని బోర్డు పెట్టుకున్న షాపు పట్టించుకోకపోతే మోసపోయామనిపిస్తుంది. ఈ షాపుకి చరిత్ర రక్షణగా ఉందని యజమాని నమ్మకం. కాగితాల్లో కనబడింది వేరు. ఆ చరిత్ర ఒక కొలబద్ద అయింది, దానితో కొలిచి మరీ తిడుతున్నారు.

నాకన్నా ముందు చేసినవి

యజమాని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఏడాది ముందు వార్షికోత్సవం జరిపారు. షాపు కిటికీ నిండా తాతగారి పాత ఫొటోలు, స్థానిక పత్రికలో పూర్తి పేజీ, కొత్త బోర్డు. ఫేస్‌బుక్‌లో ఆ ఫొటోల కింద మొదట అభినందనలు వచ్చాయి. తరవాత ఒకరు తన డిష్‌వాషర్ గోడు రాశారు. దాని కింద ఇంకొకరు. వారం తిరిగేసరికి ఆ పోస్టు ఫిర్యాదుల పెట్టెగా మారిపోయింది.

ఇంటర్నెట్ ధర చూపిస్తే అదే ధరకిస్తాం అన్న పథకం కూడా పెట్టారు. దానివల్ల ఉన్న కస్టమర్లే తక్కువకి కొన్నారు, కొత్తవాళ్లు రాలేదు. ధర అసలు సమస్య కానప్పుడు ధర తగ్గిస్తే మార్జిన్ పోవడం తప్ప ఏం జరుగుతుంది?

ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లకి తరవాతి కొనుగోలులో తగ్గింపు ఇద్దామని మార్కెటింగ్ ఏజెన్సీ ఒకటి చెప్పింది. దాన్ని నేను మొదట్లోనే ఆపించాను. బ్రిటన్‌లో 2024 నాటి చట్టం ప్రకారం నకిలీ రివ్యూలూ, ప్రోత్సాహకం ఇచ్చిన సంగతి దాచిపెట్టి రాయించే రివ్యూలూ 2025 ఏప్రిల్ నుంచి నిషిద్ధం. చట్టాన్ని పక్కన పెట్టినా, ఈ ఊళ్లో అందరూ అందరికీ తెలిసినవాళ్లే. తగ్గింపు ఇచ్చి రాయించుకున్నారన్న మాట బయటపడడానికి ఎంతోసేపు పట్టదు.

మొదట ప్రయత్నించినవి, ఆగిపోయినవి

చెడ్డ రివ్యూలకి మర్యాదగా, వివరంగా జవాబులివ్వడం మొదలుపెట్టాం. ప్రతి జవాబులోనూ 'దయచేసి షాపుకి రండి, పరిష్కరిస్తాం' అని ఉండేది. జనం వచ్చారు. కౌంటర్ దగ్గర అదే సేల్స్‌మన్ ఉన్నాడు, అతనికి రీఫండ్ ఇచ్చే అధికారం లేదు. మేనేజర్‌ని అడగాలన్నాడు. మేనేజర్ యజమానిని అడగాలన్నాడు. యజమాని కంపెనీ ప్రతినిధిని అడిగి చెబుతానన్నారు. రాతలో ఒప్పుకున్నది కౌంటర్ దగ్గర లేదనేసరికి రెండోసారి మరింత కోపంతో రాశారు. జవాబుల పని అక్కడితో ఆపేశాం.

ఇక్కడ చట్టం గురించి చెప్పాలి, ఎందుకంటే 'కంపెనీకి ఫోన్ చేసుకోండి' అన్న మాటలో అసలు తప్పు అక్కడే ఉంది. 2015 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుకి బాధ్యత అమ్మిన షాపుదే, తయారుచేసిన కంపెనీది కాదు. మొదటి 30 రోజుల్లో కస్టమర్ వస్తువు వెనక్కిచ్చి డబ్బంతా తీసుకోవచ్చు. ఆ తరవాత షాపుకి ఒకసారి బాగుచేసే లేదా మార్చి ఇచ్చే అవకాశం ఉంటుంది. అది ఫలించకపోతే కస్టమర్ వస్తువు తిరిగివ్వొచ్చు, లేదా ధర తగ్గించమనొచ్చు. మొదటి ఆరు నెలల్లో బయటపడ్డ లోపం అమ్మేటప్పటికే ఉన్నట్టు లెక్క. కాదని నిరూపించుకోవాల్సింది షాపే. ఆరు నెలలు దాటాక నిరూపించే భారం కస్టమర్ మీద పడుతుంది. ఇంగ్లాండులో ఆరేళ్ల వరకు దావా వేయొచ్చు. తయారీ కంపెనీ ఇచ్చే ఏడాది గ్యారంటీ దీనికి అదనం, దీనికి బదులు కాదు. సిబ్బందిలో ఒక్కరికీ ఇది సరిగ్గా తెలియదు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తాము చేరినప్పుడు పాతవాళ్లు చెప్పిందే చెబుతున్నారు.

చట్టం మీద క్లాసు పెట్టాం. అందరూ శ్రద్ధగా విన్నారు, తరవాత కూడా కంపెనీకే ఫోన్ చేయమన్నారు. కారణం వెతికితే దొరికింది. రీఫండ్ ఇస్తే ఆ షాపు నెల లెక్కలో అమ్మకం తగ్గుతుంది, దాంతో సేల్స్‌మన్ కమీషన్ తగ్గుతుంది. హక్కుల గురించి చెప్పడానికి మనం పాఠం చెబుతున్నాం, చెప్పకుండా ఉండడానికి జీతం ఇస్తున్నాం.

దాంతో వారంటీ మీద కమీషన్ మొత్తం తీసేయాలన్న వాదన వచ్చింది. యజమాని చెల్లెలు, లెక్కలు చూసేది ఆవిడే, గట్టిగా పట్టుబట్టారు. నాకు అనుమానంగానే ఉంది. ఆ ఆదాయం ఎక్కడి నుంచి పూడుతుందో తేల్చకుండా తీయొద్దన్నాను. ఒక షాపులో మాత్రం చేసి చూద్దామని రాజీ పడ్డాం. అక్కడ వారంటీ అమ్మకాలు ఒక్కసారిగా కూలిపోయాయి. బాగా అమ్మే ఒకతను రాజీనామా చేసి రిటైల్ పార్కుకి వెళ్లిపోయాడు. షాపు నష్టంలోకి జారింది. యజమాని రాత్రిళ్లు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. వస్తువుల మీద మిగిలే డబ్బు అద్దెకీ బిజినెస్ రేట్లకీ (షాపు స్థలం మీద కట్టే పన్నుకీ) కూడా చాలదని అప్పుడు అంకెల్లో కనబడింది. వారంటీ ఆ షాపుకి పైఆదాయం కాదు, ప్రాణం. కమీషన్ తిరిగి పెట్టించాం. కానీ ఆ ప్రయోగంవల్ల ఒక అంకె దొరికింది. వేరే ఆదాయం నెలకి కనీసం ఎంత రావాలో తెలిసింది.

ఫలించినవి

వెనక గదిలో సర్దుతుంటే అద్దె టీవీల కాలంనాటి సర్వీస్ కార్డుల పెట్టెలు బయటపడ్డాయి. ప్రతి ఇంటికీ ఒక కార్డు. ఫిర్యాదు వచ్చిన రోజు, మెకానిక్ వెళ్లిన రోజు, ఏం మార్చాడు, తాత్కాలికంగా వేరే సెట్టు ఇచ్చాడా లేదా. యజమానికి వాటిని కిటికీలో ప్రదర్శనకు పెట్టాలనిపించింది. నేను వాటిని లెక్కపెట్టమన్నాను. ఎక్కువ ఫిర్యాదులకి ఆ రోజో మర్నాడో మెకానిక్ వెళ్లాడు. రిపేరు ఆలస్యమైతే వేరే టీవీ ఇచ్చి వచ్చాడు. ఊరు గుర్తుపెట్టుకున్నది ఈ పనిని. మూడు తరాలన్నది దానికి తగిలించిన బోర్డు మాత్రమే. కుటుంబంలో వాదన మారింది ఇక్కడే. చరిత్రను చెప్పుకోవాలా వద్దా అన్న చర్చ ఆగిపోయి, ఆ కార్డుల్లో ఉన్న పనిని ఇవాళ ఏ ఖర్చుతో చేయగలం అన్న చర్చ మొదలైంది.

ముందు కౌంటర్‌కి అధికారం ఇచ్చాం. 150 పౌండ్ల లోపు వస్తువైతే రీఫండో మార్పిడో ఎవరినీ అడగకుండా కౌంటర్ దగ్గర ఉన్నవాళ్లే తేల్చేయాలి. ఈ పరిమితి దగ్గర చాలా వాదన జరిగింది. జనం మోసం చేస్తారని యజమాని భయం. నా లెక్క వేరు. కెటిల్, టోస్టర్, హెడ్‌ఫోన్ల మీద నడిచే ఒక్కో వివాదంలో మేనేజర్ సమయం, ఈమెయిళ్లు, కొరియర్ కలిపితే వస్తువు ధరకి దగ్గరపడుతోంది. 100 పౌండ్లు దాటిన వస్తువుని క్రెడిట్ కార్డు మీద కొన్నవాళ్లు బ్యాంకుని కూడా బాధ్యురాలిగా పట్టుకోవచ్చు. 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ చట్టం 75వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. బ్యాంకు ఆ డబ్బుని మళ్లీ షాపు దగ్గరే రాబట్టుకోవడానికి చూస్తుంది. అంటే కౌంటర్ దగ్గర కాదన్నంత మాత్రాన డబ్బు మిగలదు, ఆలస్యంగా, రుసుముతో కలిసి పోతుంది. రీఫండ్లను సేల్స్‌మన్ కమీషన్ లెక్కలోంచి తీసేశాం. మోసాలు జరిగాయా అంటే జరిగాయి, కొన్ని. వాటికైన ఖర్చు అంతకుముందు వివాదాలకైన ఖర్చులో చిన్న భాగం.

తరవాత రిపేరు బల్ల. మూడు షాపుల్లోనూ పెట్టే స్తోమత లేదు, పెద్ద షాపులో ఒక్కచోటే పెట్టాం. తండ్రిగారి కాలంలో పనిచేసి రిటైరైన మెకానిక్ వారానికి కొన్ని రోజులు రావడానికి ఒప్పుకున్నారు. ఆయన పక్కన ఒక యువకుణ్ణి పెట్టాం. టీవీల రిపేరుకి లాభం లేదన్న తండ్రిగారి లెక్క ఇప్పటికీ చాలావరకు నిజమే. అందుకని మొదటి నుంచీ వాషింగ్ మెషిన్లు, డిష్‌వాషర్లు, డ్రైయర్ల మీద దృష్టి పెట్టాం. పంపు, బేరింగ్, తలుపు రబ్బరు, హీటర్ లాంటివి మార్చితే మళ్లీ ఏళ్ల తరబడి నడుస్తాయి. 2021 జులై నుంచి బ్రిటన్‌లో అమలవుతున్న నిబంధనల ప్రకారం వాషింగ్ మెషిన్లు, డిష్‌వాషర్ల లాంటి కొన్ని వస్తువుల తయారీదారులు కొన్నేళ్లపాటు విడిభాగాలు అందుబాటులో ఉంచాలి. వాటిలో కొన్నింటిని ప్రొఫెషనల్ రిపేరర్లకి మాత్రమే ఇస్తే చాలు. ఆన్‌లైన్‌లో కొన్న కస్టమర్‌కి ఆ విడిభాగాలు నేరుగా దొరకవు, బల్ల ఉన్న షాపుకి దొరుకుతాయి. ఎవరి దగ్గర కొన్నా సరే డబ్బు తీసుకుని రిపేరు చేస్తాం అని నిర్ణయించాం. యజమానికి ఇది మింగుడుపడలేదు. ఇంటర్నెట్‌లో కొన్నవాళ్లకి మనమెందుకు ఊడిగం చేయాలన్నారు. వాళ్లు తరవాతి మెషిన్ ఎక్కడ కొంటారో చూద్దామన్నాను. రెండు బ్రాండ్లు తమ గ్యారంటీ రిపేర్లకు ఈ బల్లకి గుర్తింపు ఇచ్చాయి, ఆ కూలి కంపెనీలే చెల్లిస్తాయి. ప్రయోగంలో దొరికిన ఆ నెలవారీ అంకెని అందుకోవడంలో ఈ కూలిది పెద్ద వాటా.

తమ దగ్గర కొన్న వస్తువులకి రెండేళ్లపాటు ఉచితంగా లోపం చూసిపెట్టడం మూడో నిర్ణయం. యజమాని ఏడాది చాలన్నారు. ఫిర్యాదుల తేదీలు మళ్లీ ముందు పెట్టాను. తయారీ గ్యారంటీ ముగిశాక, రెండో ఏడాదిలో కస్టమర్ ఒంటరివాడవుతున్నాడు. లోపం ముందే ఉందని నిరూపించాలంటే బయట ఎవరికో డబ్బిచ్చి రిపోర్టు తెచ్చుకోవాలి. ఆ రిపోర్టు మనమే ఉచితంగా, నిజాయితీగా రాసిస్తే, లోపం మనదని తేలిన చోట నష్టపోతాం. కానీ లోపం వాడకంవల్ల వచ్చిందని తేలినప్పుడు మన మాట కస్టమర్ నమ్ముతాడు. ఫిల్టర్‌లో ఇరుక్కున్న నాణేన్ని చేతిలో పెట్టి చూపిస్తే ఎవరూ ఒక్క స్టార్ ఇవ్వరు. రిపేరు ఆలస్యమయ్యే ఇళ్లకి వెనక్కొచ్చిన మెషిన్లనే బాగుచేసి తాత్కాలికంగా ఇచ్చాం. ఇది నేరుగా పాత కార్డుల్లోంచి తీసుకున్న పద్ధతి.

ఆదాయం నిలదొక్కుకున్నాకే వారంటీ జోలికి వెళ్లాం. బిల్లింగ్ దగ్గర వారంటీ అమ్మడం ఆపేశాం. డెలివరీ అయిన వారం తరవాత ఒక ఉత్తరం వెళుతుంది. చట్టం ప్రకారం మీకు ఎలాగూ ఉన్న హక్కులు ఇవీ, దీనివల్ల అదనంగా వచ్చేది ఇదీ, కొన్నాక 45 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు అని అందులో వరుసగా ఉంటుంది. ఒత్తిడి లేకపోతే ఎవరూ కొనరని అందరూ అనుకున్నారు. కొనేవాళ్లు తగ్గిన మాట నిజం. రద్దులూ దాదాపు ఆగిపోయాయి. యజమానిని ఒప్పించడానికి నేను వాడిన ఉదాహరణ కార్‌ఫోన్ వేర్‌హౌస్ అనే మొబైల్ ఫోన్ల షాపుల చెయిన్. ఫోన్ ఇన్సూరెన్స్‌ని అవసరంలేనివాళ్లకి అంటగట్టినందుకు ఆర్థిక నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ 2019లో ఆ కంపెనీకి 2.9 కోట్ల పౌండ్లకు పైగా జరిమానా వేసింది. కొనను అన్న కస్టమర్ అభ్యంతరాల్ని దాటవేసేలా సిబ్బందికి శిక్షణ ఇవ్వడం అందులో ముఖ్యమైన ఆరోపణ. మన షాపు శిక్షణ కాగితాల్లో అలాంటి వాక్యాలు నాలుగైదు ఉన్నాయి. ఆ కాగితాలు చించేశారు.

ఫలితం

రేటింగ్ తొందరగా పెరగలేదు. పాత రివ్యూలు లెక్కలో ఉన్నంతకాలం సగటు నత్తనడకే నడుస్తుంది, ఈ విషయం మొదట్లోనే చెప్పి ఉంచడంవల్ల యజమాని తట్టుకున్నారు. స్టార్లకన్నా ముందు మారింది చార్జ్‌బ్యాక్‌ల సంఖ్య, తరవాత పెద్ద వస్తువుల అమ్మకం. రిపేరుకి వచ్చి, ఇది బాగుచేయడం దండగ అని మెకానిక్ నోటి వెంట విన్నవాళ్లలో చాలామంది కొత్తది అక్కడే కొన్నారు. అమ్మేవాడు చెబితే నమ్మని మాట బాగుచేసేవాడు చెబితే నమ్ముతారు.

మూడు షాపుల్లో ఒకటి మాత్రం మూతపడింది. లీజు తిరిగి రాయించుకోవాల్సి వచ్చినప్పుడు అద్దె, బిజినెస్ రేట్లు కలిపి చూస్తే ఏ లెక్కలోనూ నిలబడలేదు. ఆ వీధిలో మనుషుల రాకపోకలే తగ్గిపోయాయి. మంచిపేరు దాన్ని కాపాడలేకపోయింది, కాపాడుతుందని నేను చెప్పనూ లేదు.

ఈ కేసులో నాకు తేలినవి

షాపు మీద అభిమానం వేరు, అక్కడ కొనడం వేరు. 1972లో ఎలక్ట్రానిక్ విడిభాగాల పోస్టల్ వ్యాపారంగా మొదలైన షాపుల చెయిన్ మాప్లిన్ 2018 ఫిబ్రవరిలో దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు దేశమంతా జ్ఞాపకాలు రాసుకుంది. రెసిస్టర్లు కొన్న రోజులు, కేటలాగులు తిరగేసిన రోజులు. ఆ రాసినవాళ్లలో చాలామంది కేబుళ్లు అప్పటికే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. బ్యాటరీల సేవతో మొదలైన కామెట్‌ని 2012లో రెండంటే రెండు పౌండ్లకి అమ్మేశారు, అదే ఏడాది డిసెంబరులో చివరి షాపులు మూతపడ్డాయి. సుమారు ఏడు వేల ఉద్యోగాలు పోయాయి. ఎనభై ఏళ్ల చరిత్ర ఒక్క క్రిస్మస్‌ని దాటించలేకపోయింది. అందుకే 'మా చరిత్ర చెప్పండి' అని ఎవరైనా వస్తే, ఆ చరిత్రలో కస్టమర్‌కి అందిన పని ఏమిటో, అది ఇవాళ అందుతోందో లేదో ముందు అడుగుతాను.

ఫిర్యాదుల్ని కాలాన్నిబట్టి పేర్చడం చవకైన పని, ఏ షాపైనా సొంతంగా చేసుకోవచ్చు. ఈ కేసులో చాలా నిర్ణయాల వెనక నిలబడింది ఆ ఒక్క పట్టికే. ఉచిత పరీక్ష ఎన్నేళ్లు, వారంటీ ఎప్పుడు అమ్మాలి అన్నవి అందులోంచే వచ్చాయి.

వరుసక్రమం గురించి కూడా చెప్పాలి. ఆదాయం పూడ్చకముందే చెడ్డ ఆదాయాన్ని తీసేస్తే షాపు చస్తుంది. పూడ్చాక కూడా తీయకపోతే పేరు చస్తుంది. ఈ రెండింటి మధ్య ఎప్పుడు అడుగు వేయాలో చెప్పే సూత్రం నా దగ్గర లేదు. ఇక్కడ ఒక్క షాపులో చేసిన ప్రయోగం ఆ అంకెను ఇచ్చింది, బతికిపోయాం. అన్నిచోట్లా అలా ప్రయోగించే వెసులుబాటు ఉండదు.

ఇలాంటి కేసుల్లో రిచర్ సౌండ్స్‌ని ఉదాహరణగా చూపించమని అడుగుతారు. 1978లో లండన్ బ్రిడ్జి దగ్గర చిన్న షాపుతో మొదలై, చదరపు అడుగుకి అత్యధిక అమ్మకాలతో గిన్నిస్‌లోకెక్కి, 2019లో యజమాని 60 శాతం వాటాని ఉద్యోగుల ట్రస్టుకి అప్పగించిన చెయిన్ అది. నేను ఆచితూచి చూపిస్తాను. వాళ్లు టీవీలు, ఆడియో పరికరాలకే పరిమితమయ్యారు, బల్ల మీద మెకానిక్‌తో వాషింగ్ మెషిన్లు బాగుచేయించే షాపు ఖర్చుల లెక్క వేరు. కౌంటర్ దగ్గరి మనిషికి నిర్ణయించే అధికారం ఇవ్వడం మాత్రం ఎవరైనా తీసుకోదగ్గది.

ఒక సమస్య ఇంకా తెగలేదు. బల్ల మొత్తం ఆ పెద్దాయన చేతుల మీద నడుస్తోంది. పక్కన పెట్టిన కుర్రవాడికి గ్యాస్, రిఫ్రిజిరేషన్ పనులకు కావలసిన సర్టిఫికెట్లు ఇంకా లేవు, వాటి శిక్షణకయ్యే ఖర్చుని ఈ ఏడాది బడ్జెట్‌లో పెట్టడానికి యజమాని వెనకాడుతున్నారు. బ్రాండ్లు ఇచ్చిన గుర్తింపు అర్హతలున్న మెకానిక్ ఉంటేనే కొనసాగుతుంది. కిటికీ అలంకరణకి తీసిపెట్టిన డబ్బుని అటు మళ్లించమని నా సలహా. చెల్లెలు సరేనన్నారు, అన్నగారి సంతకం ఇంకా పడలేదు.